నాలుగు మూలలా పసుపు

వేంపల్లె,
28 మార్చి 1955

పత్తికొండలో పల్లీల మిల్లు ముందర కూర్చుని ఉండే మా చెల్లెలి మొగుడు దేవేంద్రప్ప బావకు వేంపల్లె నుంచి తిమ్మయ్య రాసే సంగతులు.

ఇక్కడ అందరం బాగున్నాం. అక్కడ మీరూ బాగున్నారనే అనుకుని నేరుగా మన బంతాట జట్టు బ్రాక్స్‌బీ దగ్గరికి వస్తున్నాను.

ఉగాది పోయిన మూడోనాడు కట్ట వచ్చింది. ఇంగ్లాండు నుంచి హాలం దొర ఫిబ్రవరి నెల పత్రికలన్నీ చుట్టి, పురికొస బిగించి, ఎప్పటిలాగే ఓడ టపాలో పంపాడు. పోస్టుమాను ఏసేపు సైకిలు దిగకుండానే, “అన్నా, మీ తెల్లోళ్ళ పేపర్లు వచ్చినాయి. ఈతూరి శానా బరువుండాయి. గోల్లు బాగా కొట్టినట్లుండారు” అన్నాడు. వీధిలో నలుగురూ చేరిపోయారు. నేను లోపలికి పోయి దొర ఏనాడో పంపిన పసుపుపచ్చ ఉన్ని మఫ్లరు మెడకు చుట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాను. ఎండ మండిపోతోంది. అయినా మన జట్టు చొక్కాలు పసుపువైనప్పుడు మనం ఉత్త మెడతో కూర్చుంటే ఏం మర్యాద?

నాగలక్ష్మమ్మ చదివి తెలుగులో చెప్పింది. కడప హైస్కూలులో నా కూతురు నేర్చుకున్న ఇంగ్లీషంతా బ్రాక్స్‌బీకే ఖర్చయిపోతోంది. నాకేమో పటాలంలో చెవిన పడిన ఇంగ్లీషే గాని అది చదవడం రాదు. నెలలో ఒక ఆట జరగనే లేదట. మైదానంలో మోకాలి లోతు నీళ్ళు నిలిచిపోయాయట. తక్కిన ఆటల్లో మన పొడుగు ఆర్కిల్ గోలు దగ్గర గోడలా నిలబడ్డాడు. కిర్బీ కుడి పక్కనుంచి పరిగెత్తి రెండు గోల్లు కొట్టాడు. మా ఇంటావిడ, మీ అక్క సిద్దమ్మ వంటింట్లోంచి, “ఆ తెల్లోళ్ళు ఆడ బంతి తంతే ఈడ నా చారు పొంగిపోతాండాది” అని అరిచింది. తెలియని మనిషిలే.

నువ్వు మరచిపోయి ఉంటావు గాని నేను మరవను. యుద్ధంలో మా సాపర్ల పటాలం ఇటలీలో వంతెనలు కట్టేటప్పుడు, ఒక ఆదివారం బురదలో బంతాట పెట్టారు. నా పొడవు చూసి నన్ను గోలు దగ్గర నిలబెట్టారు. ఆట అయ్యాక హాలం దొర, అప్పుడాయన మా కెప్టెను, నా భుజం మీద చెయ్యి వేసి, “యుద్ధం లేకపోతే నిన్ను మా బ్రాక్స్‌బీ గోలు దగ్గర నిలబెట్టేవాణ్ని తిమ్మయ్యా” అన్నాడు. ఆ మాటతో నేను వాళ్ళ మనిషినైపోయాను. వేంపల్లెలో నేనొక్కణ్నే అయినా ఆ ఊరు జట్టులో నాకొక చోటుంది.

అందుకే మన ఒప్పందం మళ్ళీ గుర్తు చేస్తున్నాను. నీకు రేడియో ఉంది. శనివారం ఆట శనివారమే వింటావు. నాకు పత్రిక వచ్చేసరికి ఐదారు వారాలు. మధ్యలో గెలుపోటములు రాయకూడదు. పోయిన ఏడు ఉత్తరం చివర “పాపం” అని ఒక్క ముక్క రాసి నా నెలంతా పాడు చేశావు. ఈసారి ఆ ముక్క కూడా వద్దు.

గండి ఆంజనేయస్వామికి మార్చి ఆటల కోసం కొబ్బరికాయలు కొట్టి వచ్చాను.

మఫ్లరు కింద చెమటలు కారుతున్న
మీ తిమ్మయ్య

---

పత్తికొండ,
5 ఏప్రిల్ 1955

వేంపల్లె గోలుకీపరు గారికి,

బావా, నీ ఉత్తరం మిల్లులో చదివి నేను నవ్వుతుంటే కాటా దగ్గరి చిన్న ఈరన్న తూకం ఆపేసి చూశాడు. మార్చి ఆటల కోసం మార్చి ఆఖర్న టెంకాయలు కొట్టావా? ఆ ఆటలు ఎప్పుడో అయిపోయాయి కదప్పా. ఆటగాళ్ళు ఇళ్ళకు పోయి, స్నానాలు చేసి, పడుకుని లేచి, దెబ్బలు కూడా మానిపోయాయి. ఇప్పుడు నువ్వు మొక్కితే ఆంజనేయస్వామి సముద్రం దాటి పోయి ఏం చెయ్యాలి? ఒకసారి దాటినాడు గదా అని ఊరికే దాటమంటే ఎట్లా?

నాకైతే అన్నీ తెలుసు. చెప్పను. ప్రతి శనివారం రేడియో ముందు మిల్లు జనమంతా కూర్చుంటారు. లండను నుంచి ఆ పెద్దమనిషి జట్ల పేర్లు ఒకటొకటే చదువుతుంటే ఎవరికీ ఊపిరాడదు. ఈరన్నకు ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు గాని బ్రాక్స్‌బీ అని వినపడగానే చెయ్యెత్తుతాడు. పొద్దున రాగానే అతని మొదటి మాట, “ఏమప్పా, మన కిర్బప్ప కాలు నయమైనాదా?” కిర్బీని మా వాళ్ళు కిర్బప్ప చేసి చాలా రోజులైంది. మనవాడైపోయాడు.

నీళ్ళెక్కువై ఆట ఆగిందన్న మాట నేను చదివి వినిపిస్తే మిల్లులో ఎవ్వరూ నమ్మలేదు. పల్లీలు ఒలిచే గిడ్డమ్మ మాత్రం చేట పక్కన పెట్టి, “అన్ని నీళ్ళు పెట్టుకోని ఆళ్ళు పంట పెట్టకుండా బంతాట యాల ఆడుతుండారు సామీ?” అని అడిగింది. హాలం దొరను అడిగి రాయి. వీలైతే ఆ వానలో కొంచెం కట్టలో చుట్టి పంపమను.

రేడియో బ్యాటరీ ముసలిదైంది. గొంతు బొంగురుపోతోంది. అయినా పేరు పేరూ వినపడుతూనే ఉంది. మీ చెల్లెలు కృష్ణవేణమ్మ దాన్ని నా చిన్నిల్లు అంటోంది.

అన్నీ తెలిసీ నోరు కట్టుకున్న
దేవేంద్రప్ప

---

వేంపల్లె,
20 ఏప్రిల్ 1955

పత్తికొండ పండితుడికి,

దేవుడికి ఓడ టపా ఉంటుందనుకున్నావా? నేను మార్చి చివర్న మొక్కుతానని ఆయనకు ఫిబ్రవరిలోనే తెలియదా? తెలిసి ఉంటే ముందుగానే సాయం చేసి, నా టెంకాయను తరువాత జమ కట్టుకుంటాడు. రుజువు కావాలంటే చూడు. నిన్న మార్చి మొదటి వారాల పత్రికలు వచ్చాయి. అన్నీ గెలుపులే. ఇప్పుడేమంటావు?

నవ్వులాట అటుంచు. బావా, ఈసారి మన జట్టు పైమెట్టు దగ్గర ఉంది. మూడో డివిజనులో మొదట నిలిచినవాళ్ళు ఒక్కళ్ళే రెండో డివిజనుకు ఎక్కుతారని నీకు తెలుసు. మనకూ హెక్స్‌లీ వాళ్ళకూ పోటీ. ఏప్రిల్ ముప్పయ్యో తేదీ ఆఖరి ఆట వాళ్ళ మీదే. ఆ రోజుతోనే తేలిపోయేట్టుంది, చెమట చేతులతో రాస్తున్నాను తిమ్మయ్యా అని దొర స్వయంగా చీటీ పెట్టాడు. నేను చిన్నవాణ్ని కాదు గదా, అయినా అది విన్నప్పటి నుంచి అన్నం సరిగా దిగడం లేదు. అందుకని గండిలో పెద్ద మొక్కే మొక్కాను. బ్రాక్స్‌బీ గెలిస్తే నా తలనీలాలు స్వామికి ఇస్తాను. మొన్న అద్దంలో చూసుకుంటే కొంచెం బాధేసింది. ఇంకా నల్లగానే ఉంది జుట్టు.

ఆ ఫలితం నాకు జూన్‌లో తెలుస్తుంది. నీకు ముప్పయ్యో తేదీనే తెలుస్తుంది. అందుకని దండం పెట్టి చెబుతున్నాను, ఆ తరువాత నువ్వు రాసే ఉత్తరంలో బ్రాక్స్‌బీ మాట ఒక్కటి ఉండకూడదు. సంతోషం ఉండకూడదు. దిగులూ ఉండకూడదు. అక్షరాలు కూడా మామూలుగా రాయి. నీ చేతిరాత ఊగితే నేను పట్టేస్తాను.

మీ వాడు, నా మేనల్లుడు మహానంది కర్నూలు ఆఫీసు పనిమీద కడపకు వచ్చి, మా ఇంట్లో రెండు రోజులున్నాడు. కర్నూలులో రాజధాని పేరు చెప్పి వాళ్ళను గుడారాల్లో కూర్చోబెట్టారట. వాడికి ఆఫ్‌సైడు అంటే ఏమిటో తెలియదు. నాగలక్ష్మమ్మ చింతగింజలు పేర్చి చూపించింది. పొద్దుగూకిందాకా అరుగు మీద ఇద్దరూ గింజలు జరుపుతూనే ఉన్నారు. పోయేముందు మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు. ఆటంటే మన పిల్లలకు ఇంత పట్టుదల ఉన్నందుకు నాకెంతో గర్వంగా ఉంది. కొన్ని చింతగింజలు జేబులో వేసుకుని పోయాడు, అక్కడ సాధన చేస్తాడు కాబోలు.

జుట్టు మీద ఆశ వదులుకోబోతున్న
తిమ్మయ్య

---

పత్తికొండ,
6 మే 1955

బావ తిమ్మయ్యకు, అక్క సిద్దమ్మకు,

ఈ ఉత్తరంలో ఆట ఊసు లేదు. నువ్వు కోరినట్టే అక్షరాలు మామూలుగా రాస్తున్నాను. మీ చెల్లెలు పక్కనే కూర్చుని చెబుతోంది.

మహానందికి ఇరవై నాలుగు నడుస్తున్నాయి. మీ చెల్లెలికి నాగలక్ష్మమ్మ తప్ప ఇంకో పిల్ల కంటికి ఆనదు. వాడిని అడిగితే తల వంచుకుని జేబులో చింతగింజలు ఆడించాడే గాని కాదనలేదు. పుట్టింటి పిల్లను కోడలిగా తెచ్చుకోవాలన్నది ఈమె పెళ్ళయినప్పటి కోరిక. ఇచ్చిపుచ్చుకోవడాల మాట మన మధ్య లేదు. పిల్లను పంపితే చాలు.

ఒక్క తొందర ఉంది. ఆదోని నుంచి పత్తి వ్యాపారస్తులు మా అన్న ద్వారా సంబంధం పంపారు. ఆషాఢం రాకముందే తేల్చమని అన్న పట్టు పడుతున్నాడు. నీ మాట చేతిలో ఉంటే ఆయనకు నేను జవాబు చెప్పుకోగలను. లేకపోతే పెద్దవాడి మాట కొట్టెయ్యలేను. నీ ఇష్టం కనుక్కుని, నాగలక్ష్మమ్మ ఇష్టం కూడా కనుక్కుని వెంటనే రాయి.

శుభమని మీ చెల్లెలే తన చేత్తో నాలుగు మూలలా పసుపు పూసింది. కవరు మీద కూడా పూసింది. నా వేళ్ళకూ పూసింది.

మీ
దేవేంద్రప్ప

---

వేంపల్లె,
12 మే 1955

ద్రోహీ,

అక్షరాలు మామూలుగా రాయమన్నాను. నువ్వు రాసే ఉంటావు, కాదనను. కవరు మాటేమిటి? ఏసేపు దాన్ని రెండు చేతులా పట్టుకుని, “అన్నా, పత్తికొండ నుంచి శుభవార్త” అంటూ వీధి మొదటి నుంచి వచ్చాడు. నాలుగు మూలలా పసుపు. ఏప్రిల్ ముప్పై దాటిన వారానికి పసుపు పూసిన కవరు ఎందుకు వస్తుంది? అదీ మన జట్టు చొక్కాల రంగు. ఇంతకంటే గట్టిగా చెప్పడానికి నీకు తప్పెట్లు కొట్టడమొకటే మిగిలింది.

విప్పలేదు. విప్పను. గూట్లో, లాంతరు పక్కన పెట్టాను. పత్రిక వచ్చి, నాగలక్ష్మమ్మ మొదటి ముక్క నుంచి చదివి, కిర్బీ ఎట్లా పరిగెత్తాడో ఆర్కిల్ ఎట్లా దూకాడో అంతా విన్నాకే విప్పుతాను. పత్రిక వచ్చేదాకా పత్తికొండ నుంచి ఏ ఉత్తరం వచ్చినా ఇదే శిక్ష.

కోపంగా రాస్తున్నానే గాని, బావా, నిజం చెప్పనా? కవరు గూట్లో పెట్టి పెరట్లోకి పోయి ఎవరూ చూడకుండా రెండు గంతులు వేశాను. బర్రె చూసింది. తరువాత, ఇది అన్యాయపు సంతోషం గదా అనుకుని మళ్ళీ ముఖం ముడుచుకుని వచ్చాను.

నాగలక్ష్మమ్మ నాకంటే పిచ్చిదైపోయింది. రోజుకు నాలుగుసార్లు ఆ గూడు తుడుస్తోంది. తుడిచిందే తుడుస్తోంది. “నాయనా, విప్పి చూస్తే ఏమయితాది?” అని నిన్న అడిగింది. అడిగి తల వంచుకుంది. నియమమంటే నియమమేనమ్మా, ఓర్చుకో అన్నాను. బ్రాక్స్‌బీ మీద దానికి ఇంత ప్రేమ ఉందని నాకే తెలియదు.

గంతులు వేసినందుకు నడుము పట్టిన
తిమ్మయ్య

---

పత్తికొండ,
18 మే 1955

బావా,

నువ్వు విప్పవని తెలిసి కూడా రాస్తున్నాను. నా అవస్థ ఎవరికైనా చెప్పుకోవాలి గదా. ఈ కవరు గూట్లో ఊరికే పడి ఉన్నా, ఆ గూడన్నా వింటుంది.

ఆ పసుపు ఆటది కాదు అని రాద్దామని కూర్చున్నాను. రాస్తే నువ్వేమనుకుంటావు? ఆటది కాదంటే ఓడిపోయారనుకుంటావు. అవును ఆటదే అని రాస్తే గెలిచారనుకుంటావు. రెంటిలో ఏది రాసినా మాట తప్పినవాణ్నవుతాను. నా నోరు కుట్టింది నువ్వు, ఇప్పుడు మాట్లాడక తప్పని పని తెచ్చిపెట్టిందీ నువ్వే.

టెలిగ్రాం తంతి కొడదామనుకున్నాను. తంతి అనగానే మీ వీధి వీధంతా ఎవరో పోయారని ఏడుపులు మొదలుపెడుతుంది, విప్పేలోపలే సగం ప్రాణాలు పోతాయి. నేనే రావాలంటే, పిల్లవాడి వైపు వాళ్ళు రెండోసారి అడగడానికి పోకూడదని మా అన్న అడ్డం పడుకున్నాడు.

నీ ఉత్తరం మీ చెల్లెలికి చదివి వినిపించడం నా తప్పు. అప్పటి నుంచి ఆమెది ఒకటే మాట. “నేను పూసిన పసుపును గూట్లో పెట్టినాడంటే ఇష్టం లేదని చెప్పలేక సాకు జెప్తాండాడు. ఏ మడిసైనా బంతాట కోసం ఉత్తరం విప్పకుండా ఉంటాడా?” అంటోంది. ఉంటాడు, నీ అన్న ఉంటాడు, అని నేనంటే నన్నూ ఆ జాబితాలో వేసి, అన్నం పళ్ళెం దూరంగా జరిపి పెడుతోంది. మహానంది కర్నూలు నుంచి వచ్చి నా ముఖం చూసి, సంచి దించకుండానే మళ్ళీ పోయాడు.

మా అన్న ఆదోని వాళ్ళకు కబురు పంపాడు.

గూట్లో నుంచి
దేవేంద్రప్ప

---

వేంపల్లె,
25 మే 1955

బావా,

రెండో కవరు వచ్చింది. దాన్ని కూడా విప్పలేదు. కాని దీపం దగ్గర పెట్టి నాలుగు మూలలూ చూశాను. వెనక్కి తిప్పి చూశాను. పసుపు లేదు. ఒక చుక్క కూడా లేదు.

మొదటిదానికి పసుపు పూసి రెండోదానికి పూయలేదంటే ఏమిటి అర్థం? గెలిచారని ముందు విని, తరువాత లండను వాళ్ళు అది తప్పని దిద్దుకున్నారా? లేక హెక్స్‌లీ వాళ్ళు తగాదా పెట్టి గెలుపు లాగేసుకున్నారా? అట్లాంటివి జరుగుతాయని దొర ఒకసారి రాశాడు. రాత్రంతా ఇవే ఆలోచనలు. జవాబు రాయొద్దు. రాసినా చదవను.

నాగలక్ష్మమ్మ ఆ కవరు చూసి ముఖం చిన్నబుచ్చుకుంది. గూటి దగ్గర నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. దగ్గరికి పోయి, “ఏడవద్దమ్మా, ఈ ఏడు కాకుంటే వచ్చే ఏడు, కిర్బీకి వయసు ఏం మించిపోయింది” అన్నాను. అది నావైపు ఒక చూపు చూసి లోపలికి పోయింది. అప్పటి నుంచి మీ అక్క కూడా నాతో ముభావంగా ఉంటోంది. ఓడితే ఇంట్లో ఆడవాళ్ళు ఇంత బాధపడతారని తెలిసి ఉంటే వీళ్ళకు ఆట నేర్పేవాణ్నే కాదు.

దిక్కు తోచని
తిమ్మయ్య

---

పత్తికొండ,
4 జూన్ 1955

అన్నా,

ఇది కార్డు. విప్పేదానికి ఏమీ లేదు. రాత నాదని గుర్తు పట్టినావు గదా, ఇంక కండ్లు మూసుకోవాకు, చదువు.

నీ ఆట సంగతి నాకు తెల్దు. ఈయనకూ తెల్దు. ఆ రేడియో చైత్రం పోకముందే మూగబోయినాది. కొత్త బ్యాటరీ మద్రాసు నుంచి ఇంకా రాలే. రోజూ దానికి చెవి ఆనిచ్చి, వినపడినట్టు తల ఊపుతాండాడు, మిల్లులో పరువు కోసరం. ఆఖరి ఆట ఈడ ఎవురూ వినలే.

ఆ పసుపు పూసింది నేను. నా కొడుక్కు నీ కూతుర్ని అడిగిన ఉత్తరమది. నెల దినాలు దాన్ని గూట్లో పెట్టినావు. నా పుట్టింటి తలుపు మూసినట్లే ఏడ్చినా. ఆదోని వాళ్ళు వచ్చే ఆదివారం వస్తాండారు. ఇస్తావో ఇయ్యవో ఒక్క ముక్క రాయి. ఇయ్యనన్నా పర్వాలే, జవాబన్నా ఇయ్యి.

కృష్ణవేణి

---

వేంపల్లె,
9 జూన్ 1955

అమ్మా కృష్ణవేణీ, బావా,

కార్డు ఏసేపే చదివేశాడు. నాకిచ్చేటప్పుడు తల దించుకుని, “అన్నా, నువ్వు కొంచెం కూచ్చోని చదువు” అన్నాడు. కూర్చునే చదివాను. తరువాత గూట్లో కవర్లు రెండూ విప్పాను. చదివి ఎంత సిగ్గుపడ్డానో అంత నవ్వాను. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంట్లో అందరికీ మొదటి రోజే అర్థమైందట. మీ వదిన నా ముఖాన అనేసింది, “పిల్ల గూడు తుడుస్తాంటే బంతి కోసరం అనుకునే తండ్రిని ఈడనే చూస్తాండా” అని.

మరి వెంటనే ఎందుకు రాయలేదంటారా? చెబుతాను. కవరు విప్పిన రోజు నుంచి నాకు ఒకే ఆలోచన. నాగలక్ష్మమ్మ పోతే నాకు చదివేదెవరు? దొర కట్టలు వస్తూనే ఉంటాయి. వాటిని నేను చేత్తో తడుముకుని కూర్చోవాలా? అది చదువుతుంటే బురద కనపడేది, కిర్బీ పరుగు కనపడేది. ఆ గొంతే నా బ్రాక్స్‌బీ. దాన్ని పంపడానికి మనసు రాలేదు. ఉన్నది ఉన్నట్టు రాశాను.

ఈ పొద్దున కట్ట వచ్చింది. ఆఖరి ఆట పత్రిక అందులోనే ఉంది. మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాను. నాగలక్ష్మమ్మ చదివింది. ముందు హెక్స్‌లీ ఒక గోలు. తరువాత కిర్బీ ఒకటి. మళ్ళీ వాళ్ళు ఒకటి, మళ్ళీ మనవాళ్ళు ఒకటి. ఇంకా కొంచెం ఆట మిగిలింది. అక్కడ అది పత్రిక మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

“చదువమ్మా” అన్నాను.

“ముందు అత్తకు జవాబు రాయి నాయనా. అప్పుడు చదువుతా” అంది. పత్రిక గట్టిగా పట్టుకుంది.

ఇరవై ఏళ్ళుగా నేను పెంచిన పిల్ల ఇంత మాట నాతో ఎన్నడూ అనలేదు. అప్పుడు తెలిసింది నాకు, అది నా కోసం చదివే పిల్లే గాని నా కోసమే పుట్టిన పిల్ల కాదని. అందుకే ఇప్పుడు, ఫలితం తెలియకుండానే, రాస్తున్నాను. ఇస్తున్నాను చెల్లీ. సంతోషంగా ఇస్తున్నాను. ఆషాఢానికి ముందు పదిహేడో తేదీ శుక్రవారం ఒక్కటే ముహూర్తమని అయ్యవారు చెప్పాడు. మీరంతా వచ్చెయ్యండి.

ఈ గీత పైన రాసినది ఆట ముగింపు తెలియకముందు. కింద రాసేది తెలిసిన తరువాత.

--------

బావా, ఇది నీకు. మిగిలిన ముక్క నాగలక్ష్మమ్మ చదివింది. నాకిప్పుడు తెలుసు. నీకు తెలియదు. రేడియోకు చెవి ఆనించి తల ఊపుతావా? ఊపు. ఇంకొంచెం ఊపు.

ఫలితం రాయను. కవరుకు నాలుగు మూలలా పసుపు ఉంది గదా అని గంతులు వెయ్యొద్దు, అది పెళ్ళిది. పెళ్ళిది మాత్రమేనా కాదా అన్నది నువ్వే ఆలోచించుకో. సమాచారం పిల్లతో పాటు వస్తుంది. కోడలు నీ గడప తొక్కినాక అడుగు. నేను గండికి పోయానా లేదా అని పెళ్ళిలో నా తల వైపు చూస్తావు, నాకు తెలుసు. అందుకని మఫ్లరుతో తలపాగా చుట్టుకుని కూర్చుంటాను. చెయ్యి వేశావంటే పెళ్ళి అక్కడే ఆపేస్తాను.

పైచెయ్యి అయిన
మీ తిమ్మయ్య

---

పత్తికొండ,
20 జూన్ 1955

వియ్యంకుడికి,

పెళ్ళిలో నువ్వు గెలిచావు. ఒప్పుకుంటున్నాను. ఆ ఎండలో ఉన్ని తలపాగా పెట్టుకుని, తలంబ్రాలు పడుతున్నంతసేపూ దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్న మామను నేను పుట్టి ఎరగను. వెనక నుంచి ఈరన్నను పంపాను. మా అక్క సిద్దమ్మ వాణ్ని పెళ్ళిపీటల దగ్గరే పట్టేసింది.

ఇంక మా ఇంటి దగ్గర జరిగింది విను. మా వాడికి కర్నూలులో ఇల్లు దొరికేదాకా కోడలు ఇక్కడే ఉంటుంది గదా. కారు దిగేసరికి మిల్లు జనమంతా వాకిట్లో ఉన్నారు. గడప మీద కుంచెడు బియ్యం పెట్టారు. అడ్డం నిలబడి కోడలి చేత మొగుడి పేరు చెప్పించాల్సింది మా అన్న కూతుళ్ళు. వాళ్ళను పక్కకు తోసి నేనే రెండు చేతులూ చాచి ద్వారంలో నిలబడ్డాను. “మొగుని పేరు మాకు తెలుసులేమ్మా. ఆట సంగతి చెప్పి లోపలికి రా” అన్నాను. మీ చెల్లెలు, “మడిసికి సిగ్గుండాల” అంది. ఈరన్న చెయ్యి సగం ఎత్తి పెట్టుకున్నాడు.

నాగలక్ష్మమ్మ తల వంచుకునే ఉంది. నా కాళ్ళ వైపు ఒకసారి చూసింది. తరువాత కుంచం వైపు చూసింది. ఆ కుంచాన్ని కుడికాలితో మెల్లగా తోయాలి గదా. మెల్లగా ఎక్కడిది? నేను కుడివైపుకు వంగానో లేదో, ఆ కుంచం నా ఎడమ పక్కనుంచి రయ్యిమని దూసుకుపోయి నడవలో స్తంభం మొదట్లో తగిలి ఆగింది. ఇల్లంతా బియ్యం.

“మూడు రెండు మామా. మూడోది కిర్బప్ప కొట్టినాడు, ఇట్లనే” అంది.

తరువాత ఏం జరిగిందో నాకు సరిగా గుర్తు లేదు. ఈరన్న నన్ను ఎత్తుకున్నాడంటారు. నేను మా అన్నను ఎత్తుకున్నానంటారు. ఏం గెలిచామో తెలియకపోయినా మేళగాళ్ళు వాయిస్తూనే ఉన్నారు. ఆదోని వాళ్ళ తరఫున మూతి ముడుచుకుని కూర్చున్న మా అన్న కూడా చివరికి, “రెండో డివిజను అంటే పైదా, కిందిదా?” అని అడిగాడు. రెండో డివిజను, బావా. మనం ఎక్కేశాం. నీ గుండు మీద ఒట్టు.

ఆషాఢం రాగానే కోడలిని నీ దగ్గరికి పంపుతున్నాం. ఆ నెల అత్తాకోడళ్ళు ఒక గడపలో ఉండకూడదు గదా. బ్రాక్స్‌బీలో కూడా ఆ నెల ఆట లేదట, వాళ్ళకూ ఆషాఢం పట్టింపు ఉన్నట్టుంది. పాత కట్టలన్నీ మళ్ళీ మొదటి నుంచి చదివించుకో. నీకు తనివి తీరాకే పంపు.

శ్రావణం తరువాత సంగతి మీ అమ్మాయే తేల్చింది. మద్రాసు బ్యాటరీ వచ్చింది. ఆటల ఫలితాలు ఆమె ఇక్కడ రేడియోలో మాతో పాటే వింటుంది. విని కూడా నీకు చెప్పదు. దొర కట్టలు వస్తే నువ్వు తాడు విప్పకుండా ఇటు పంపాలి. ఆమె ఒక్కో ఆటా మొదటి నుంచి, ముగింపు తెలియనిదానిలాగే, నీకు తెలుగులో రాసి పంపుతుంది. అరుగు మీద చదివినట్టే ఉంటుందట. నువ్వు మఫ్లరు చుట్టుకుని చదువుకోవాలట. రాసేది నేనే గాని మాటలు ఆమెవే, ఈ ముక్క చెప్పేటప్పుడు ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను.

ఇంకొక్క మాట నీతో తప్పకుండా చెప్పమంది. గెలిచినా ఓడినా, ఏ కబురూ లేకపోయినా, తాను రాసే ప్రతి కవరుకూ నాలుగు మూలలా పసుపు పూసే పంపుతుందట. పైన చూసి నువ్వు ఏదీ కనిపెట్టలేవు. వచ్చింది వచ్చినట్టు విప్పి చదువుకోవాల్సిందే.

నీ
దేవేంద్రప్ప